బొమ్మల కథ ఎక్కడికి పంపాలి?

సుప్పాండిని పుట్టించింది పేరుమోసిన రచయిత కాదు. చెప్పిన పనిని అక్షరాలా చెప్పినట్టే చేసి యజమానిని ఇరకాటంలో పెట్టే ఆ పనివాడి కథల్ని తిరుచిరాపల్లి నుంచి ఒక పాఠకుడు టింకిల్ పత్రికకు రాసి పంపాడు. రామ్ వాయిర్కర్ బొమ్మ గీశారు. 1983లో మొదటిసారి అచ్చయిన ఆ పాత్ర నలభై ఏళ్లు దాటినా పిల్లల్ని నవ్విస్తూనే ఉంది. 1980లో టింకిల్‌ను మొదలుపెట్టిన అనంత్ పై చేసిన తెలివైన పనుల్లో ఇదొకటి: కథలు పంపమని పాఠకుల్ని పత్రికలోనే అడిగారు, బాగున్నవాటికి బొమ్మలు వేయించారు, పంపినవాళ్ల పేరు కూడా అచ్చు వేశారు. ఆ పిలుపు లేకపోతే తిరుచిరాపల్లిలో ఆ కథలు ఎవరి నోట్లోనో మిగిలిపోయేవి. తెలుగులో కామిక్ రాయాలని, గీయాలని ఉన్న యువతకు ఇవాళ లేనిది సరిగ్గా ఆ పిలుపే. ప్రతిభ లేదని, పాఠకులు లేరని, కాలం మారిందని మనం చెప్పుకునే కారణాలన్నీ దీని తరవాతే వస్తాయి.

కథ రాసేవాళ్ల సంగతి చూడండి. ఉగాదికో సంక్రాంతికో దీపావళికో పత్రిక ఒక ప్రకటన వేస్తుంది. ఇన్ని పేజీలు మించకూడదు, సొంత రచనేనని, అనువాదమో అనుసరణో కాదని, మరెక్కడా పరిశీలనలో లేదని హామీ పత్రం జతచేయాలి, ఫలానా తేదీలోగా అందాలి, బహుమతి ఇంత. ఒకప్పుడు స్టాంపులు అంటించిన తిరుగు కవరు కూడా అడిగేవారు. ఈ నాలుగు వాక్యాలు తెలుగు కథకు చేసిన మేలును మన సాహిత్య చరిత్రలు పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. మద్రాసులోనో విజయవాడలోనో పరిచయస్తులు ఎవరూ లేని బడిపంతులు, గుమస్తా, ఇల్లు దాటని ఇల్లాలు రచయితలైంది ఆ ప్రకటనల వల్లే. ఒక కథ తిరిగొచ్చినా రెండోదాన్ని ఎక్కడికి పంపాలో వాళ్లకు తెలుసు. కార్టూనిస్టులకూ అలాంటి దారే ఉండేది. వారపత్రికలకు పోస్టులో పంపుతూ పంపుతూ చెయ్యి తిరిగినవాళ్లు తెలుగులో కొల్లలు. కామిక్‌కు మాత్రం ఈ ఆనవాయితీ ఏర్పడలేదు. ఎన్ని పేజీలు, ఏ కొలతలో, రంగుల్లోనా నలుపు తెలుపులోనా? బొమ్మలు రానివాళ్లు స్క్రిప్టు ఒక్కటే పంపవచ్చా? రాసినవాళ్లకు ఎంత, గీసినవాళ్లకు ఎంత? రేపు పుస్తకంగా వేస్తే హక్కు ఎవరిది? వీటికి అచ్చులో, ఏటా, అందరికీ కనిపించేలా జవాబు చెప్పే తెలుగు పత్రిక వెతికినా దొరకడం కష్టం.

మనకు చందమామ ఉండేది కదా అని ఎవరైనా అనవచ్చు. ఉండేది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక బొమ్మకు ఇచ్చినంత గౌరవం మరే తెలుగు పత్రికా ఇవ్వలేదని నా అభిప్రాయం. కానీ చందమామ కామిక్ పత్రిక కాదు, బొమ్మలున్న కథల పత్రిక. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ రాస్తే చిత్రా బొమ్మలు వేశారు. వడ్డాది పాపయ్య, శంకర్, ఎం.టి.వి. ఆచార్య లాంటి మహామహులను సంస్థే ఎంచుకుంది. బయట ఉన్న పాఠకుడు కథ పంపవచ్చు, ఫోటోకు వ్యాఖ్య రాసి బహుమతి గెలవవచ్చు. బొమ్మల్లోనే కథ చెప్పి పంపే చోటు అది కాదు. ఆ పని చేసి చూపించిన తెలుగువారు బుజ్జాయి, దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు. తెలుగులో డుంబు గీశారు; ఆయన పంచతంత్రాన్ని దేశమంతా చూసింది మాత్రం బొంబాయి నుంచి వచ్చే ఇంగ్లీషు ఇలస్ట్రేటెడ్ వీక్లీలో. ఆయన వెనక ఒక వరస ఏర్పడకపోవడానికి ఆయన స్థాయి చెయ్యి మరొకటి పుట్టకపోవడమే కారణమంటే నేను నమ్మను. ఒక్కరికి చోటిచ్చిన పేజీలు తరవాతివాళ్లను రమ్మని అడగలేదు. ఆ పైన పిల్లల పత్రికలు, కథల పత్రికలే పలచబడ్డాయి. చందమామ 2007లో చేతులు మారి కొన్నేళ్లకు ఆగిపోయింది. చతుర, విపుల, బాలభారతం 2021లో మూతపడ్డాయి. దినపత్రికల పిల్లల పేజీల్లో చుక్కలు కలపడం, తేడాలు కనుక్కోవడం మిగిలాయి.

పిలిచినచోట ఏం జరిగింది? బ్రిటన్‌లో 1977లో మొదలైన 2000 ఏడీ అనే కామిక్ వారపత్రికలో ఫ్యూచర్ షాక్స్ అనే శీర్షిక ఉంది. నాలుగైదు పేజీల్లో ముగిసే సైన్స్ కథ, చివర్లో ఒక మెలిక, అంతే. కొత్త రచయితలు ముందు అక్కడ నెగ్గి రావాలన్నది పత్రిక బాహాటంగా పెట్టిన షరతు. తరవాత కామిక్ రచనకే కొత్త స్థాయి తెచ్చిన ఆలన్ మూర్, గ్రాంట్ మోరిసన్ ఇద్దరూ ఆ శీర్షికలో కథలు రాసి ఎదిగినవారే. ఆ షరతులో గొప్ప లౌక్యం ఉంది. కొత్తగా కలం పట్టినవాళ్లకు ఎప్పుడూ మూడు వందల పేజీల మహాగాథ మీదే మనసు. దాన్ని చదివే ఓపిక ఏ ఎడిటరుకూ ఉండదు, పూర్తిచేసే సత్తువ రాసేవాళ్లకూ ఉండదు. నాలుగు పేజీలైతే ఇద్దరికీ చేతనవుతుంది. తేలిపోయినా పత్రికకు పోయేది ఆ నాలుగు పేజీలే.

జపాన్ ఇంకో అడుగు వేసింది. 1968లో వచ్చిన షోనెన్ జంప్ అనే మాంగా (జపాన్ కామిక్) పత్రిక మూడేళ్లు తిరిగేలోపే కొత్తవాళ్ల కోసం ప్రసిద్ధ మాంగా చిత్రకారుడు ఒసాము తెజుకా పేరున బహుమతి పెట్టింది. దానికి తోడు అక్కడి ప్రచురణ సంస్థల్లో పాతుకుపోయిన పద్ధతి ఒకటుంది. గీసిన పేజీలు చంకన పెట్టుకుని, ముందుగా ఫోన్ చేసి, నేరుగా ఆఫీసుకే వెళ్లవచ్చు. ఎడిటరు ఎదురుగా కూర్చుని పేజీలు తిప్పి ఎక్కడ కథ పట్టు తప్పిందో, ఏ ప్యానెల్ దగ్గర చదివేవాడి కన్ను తికమకపడుతుందో ముఖం మీదే చెబుతాడు. బాధగానే ఉంటుంది, కానీ ఏ కళాశాలా నేర్పని పాఠం అది. 1992లో పదిహేడేళ్ల ఐచిరో ఓడా తెజుకా పోటీలో మొదటి బహుమతి తరవాతి స్థానంలో నిలిచాడు. అక్కడి నుంచి ఐదేళ్లు ఇతర మాంగా చిత్రకారుల దగ్గర సహాయకుడిగా పనిచేస్తూ, ఎడిటర్లకు కథలు చూపిస్తూ గడిపి, 1997లో వన్ పీస్ అనే ధారావాహిక మొదలుపెట్టాడు. అది ప్రపంచమంతటా కలిపి యాభై కోట్ల ప్రతులు దాటింది. పోటీ అతణ్ణి గొప్ప చిత్రకారుణ్ణి చేయలేదు, ఒక ఎడిటరు కంట పడేలా చేసింది. మిగతాది ఆ ఐదేళ్ల చాకిరీ. మన దగ్గర బహుమతి ప్రదానంతో పోటీ ముగిసిపోతుంది. వాళ్ల దగ్గర అసలు పని ఆ మర్నాడు మొదలవుతుంది.

ఎడిటరు ఎందుకు, ఇన్‌స్టాగ్రామ్ ఉందిగా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. సబబైన ప్రశ్నే. తెలుగులో చిన్న చిన్న బొమ్మల కథలు గీసి ఫోన్‌లోనే వేలమందిని నవ్విస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్లలో కొందరి గీత ముచ్చటేస్తుంది. ఐతే అక్కడ చెల్లుబాటయ్యేది ఒక్క చూపులో అర్థమయ్యేది, వెంటనే మరొకరికి పంపాలనిపించేది. నాలుగు ప్యానెళ్ల హాస్యానికి అది చాలు. ఒక మనిషి మెల్లగా మారడం, ఒక ఊరు కళ్లముందే ఖాళీ కావడం లాంటి కథకు అరవై పేజీలు కావాలి, ఆ అరవై పేజీలు గీసేదాకా ఇల్లు గడవాలి. అచ్చును దాదాపు వదిలేసి ఫోన్ మీదే పెరిగిన కొరియా కూడా ఈ సంగతి కనిపెట్టింది. నేవర్ సంస్థ తన వెబ్‌టూన్లలో ఎవరైనా తమ కామిక్‌ను పెట్టుకునే విభాగం తెరిచింది, కానీ అక్కడితో ఆగలేదు. పాఠకులు మెచ్చినవాటిని ఎడిటర్లు ఏరి, డబ్బిచ్చి ధారావాహికగా వేయించే ఏర్పాటు దానిపైన చేసింది. ఉచితంగా పెట్టుకోనిచ్చి ఊరుకుంటే అది పరిశ్రమ అయ్యేది కాదు.

కొనేదెవరు అన్నది పత్రికల యాజమాన్యాల ప్రశ్న. 2025 జూలైలో వచ్చిన మహావతార్ నరసింహలో తెర మీద కనిపించే హీరో లేడు, అంతా యానిమేషన్. తెలుగు రాష్ట్రాల్లో కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి చూశాయి. అదే ఏడాది సెప్టెంబరులో డీమన్ స్లేయర్ అనే జపాన్ యానిమే సినిమా తెలుగు మాటలతో విడుదలైంది. హైదరాబాద్‌లో కామిక్ కాన్ పదేళ్లకు పైబడి జరుగుతోంది. గీసేవాళ్లకూ కొదవలేదు: ఛోటా భీమ్ హైదరాబాద్ స్టూడియోలో పుట్టినవాడే, యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లోనే ప్రత్యేక విధానం ప్రకటించింది. అక్కడి స్టూడియోల్లో పగలంతా ఇతరుల పాత్రలకు రంగులద్దే చేతులు ఎన్నో. సినిమా చూసినవాళ్లంతా పుస్తకం కొంటారని నేను వాదించను. టికెట్టు కొనడం వేరు, నెలనెలా చందా కట్టడం వేరు. కానీ పక్కనే శివకాశి ఉంది. అక్కడ 1972లో మొదలైన ముత్తు కామిక్స్, 1984లో మొదలైన లయన్ కామిక్స్ ఎన్నో ఒడిదుడుకులు తట్టుకుని, ముందుగా చందా కట్టే తమిళ పాఠకుల అండతో ఇప్పటికీ వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం యూరప్ కామిక్స్ అనువాదాలే, కొత్త తమిళ రచయితకు చోటు తక్కువ; అది లోటే. అయినా కొద్దిమంది గట్టి పాఠకులతో కామిక్ పత్రిక నిలబడుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. పైగా నేను అడుగుతున్నది కొత్త పత్రిక కాదు. ఎలాగూ అచ్చయ్యే ఆదివారం అనుబంధంలో నెలకు నాలుగు పేజీలు.

ఖర్చు మాట నిజమే, దాన్ని దాటవేయలేం. కథకైతే ఒక్కరికి పారితోషికం ఇస్తే సరిపోతుంది. నాలుగు పేజీల కామిక్‌లో రాసేవాళ్లు, పెన్సిల్‌తో గీసేవాళ్లు, ఇంకు పట్టేవాళ్లు, రంగులు వేసేవాళ్లు, బెలూన్లలో మాటలు అమర్చేవాళ్లు ఉంటారు; అన్నీ ఒక్కరే చేసినా వారానికి తక్కువ పని కాదు. కథకు ఇచ్చేదే ఇస్తామంటే ఎవరూ నిలవరు. దీనికి నా జవాబు: రంగు వద్దు, నలుపు తెలుపులో వేయండి. జపాన్ మాంగా పత్రికలు చౌక కాగితం మీద అలాగే కోట్లు అమ్మాయి. లేదా నెలకు నాలుగు బదులు రెండు పేజీలే వేయండి. చేసినదానికి మాత్రం న్యాయంగా ఇవ్వండి.

పిలిస్తే వెల్లువలా వచ్చి పడతాయన్న భయం కూడా కల్పితం కాదు. 2023 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రిక, కృత్రిమ మేధతో రాయించిన కథలు కుప్పలుగా వచ్చి పడటంతో కొన్నాళ్లు రచనలు తీసుకోవడమే ఆపేసింది. బొమ్మల విషయంలో బెడద అంతకన్నా తక్కువ ఉండదు. ఐతే ఆ పత్రిక తలుపులు శాశ్వతంగా మూసుకోలేదు, మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టింది. మన హామీ పత్రంలో ఇంకో వాక్యం చేర్చవచ్చు, తుది బొమ్మలతో పాటు మొదటి పెన్సిల్ గీతలు, ప్యానెళ్ల అమరికకు వేసుకున్న చిత్తు పేజీలు పంపమనవచ్చు. ఏడాది పొడుగునా కాకుండా రెండు నెలలు మాత్రమే తీసుకోవచ్చు. నిజం చెప్పాలంటే, వెల్లువ గురించి బెంగపడే స్థితి తెలుగు కామిక్‌కు వస్తే అది సంతోషించాల్సిన రోజు.

ఇదంతా జరిగేదాకా గీసేవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. బయట తెరిచి ఉన్న చోట్లు ఉన్నాయి, వాటిలో ఏది ఎవరికి పనికొస్తుందో తెలిసి ఉండాలి. మార్వెల్, డీసీలకు అడగకుండా పంపిన కథలు వృథా. రేపు ఎవరైనా మా కథ కాజేశారని కోర్టుకెక్కుతారేమోనని అవి అలాంటివి తెరిచి చూడవు. 1992లో చిత్రకారులే పెట్టుకున్న ఇమేజ్ కామిక్స్ కొత్త ప్రతిపాదనలు చూస్తుంది, హక్కును సృష్టించినవాళ్లకే వదిలేస్తుంది. కానీ కథాసారంతో పాటు పూర్తిగా గీసి మాటలు అమర్చిన పేజీలు కొన్ని కోరుతుంది, ఒట్టి స్క్రిప్టును పట్టించుకోదు. భాష అడ్డమనుకునేవాళ్లకు జపాన్‌లో సైలెంట్ మాంగా ఆడిషన్ ఉంది: మాటలే లేని కామిక్‌ల పోటీ, అనకాపల్లివాళ్లూ ఒసాకావాళ్లూ ఒకే గీత మీద నిలబడతారు. జపాన్ విదేశాంగ శాఖ 2007 నుంచి అంతర్జాతీయ మాంగా పురస్కారం ఇస్తోంది. మన కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2025 మే నెలలో ముంబయిలో జరిపిన వేవ్స్ సదస్సు కోసం కామిక్ సృష్టికర్తలకు పోటీ పెట్టించింది. మంచిదే, కాకపోతే ఉత్సవానికి పెట్టే పోటీ ప్రతి నెలా వచ్చే పేజీకి బదులు కాదు. పిల్లల పుస్తకాల వైపు మొగ్గు ఉన్నవాళ్లు, అమెరికా తెలుగువారి తానా, హైదరాబాద్‌లోని మంచి పుస్తకం కలిసి పెట్టిన బొమ్మల పుస్తకాల పోటీలను గమనించాలి. పెద్ద సంస్థ ఒప్పుకుంటే తప్ప మొదలుపెట్టనని భీష్మించడం తెలివి కాదు. ముంబయికి చెందిన రామ్ వి ముందు హోలీ కౌ అనే చిన్న భారతీయ సంస్థకు అఘోరి రాశాడు. తరవాత చిత్రకారుడు ఆనంద్ రాధాకృష్ణన్‌తో కలిసి 2020లో ఇమేజ్ నుంచి బ్లూ ఇన్ గ్రీన్ తెచ్చాడు. దాని బొమ్మలకు ఆనంద్ మరుసటి ఏడు అమెరికా కామిక్ రంగపు ఐస్నర్ పురస్కారం పంచుకున్నాడు. రాయడం మాత్రమే వచ్చినవాళ్లకు ఇందులో పాఠం ఉంది. ముందు గీసేవాళ్లను వెతుక్కోవాలి. బాపు, రమణల జంటను దైవంగా కొలిచే జాతికి ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు, కానీ ఆ జంట కలిసి ఎదిగింది పత్రికల పేజీల మీదే అన్నది మరచిపోతుంటాం.

పంపే ముందు నిబంధనల్లో హక్కుల పేరా చదవడం మరీ ముఖ్యం. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్లు సూపర్‌మ్యాన్‌ను 130 డాలర్లకు రాసిచ్చి, మిగతా జీవితమంతా దాని కోసం పోరాడారు. మన 1957 కాపీరైట్ చట్టం ఈ విషయంలో సృష్టికర్త పక్షానే ఉంది. 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే చెల్లుతుంది, ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశానికే పరిమితం. పోటీకి పంపిన ప్రతి రచన మీదా, గెలవనివాటి మీద కూడా, సర్వహక్కులూ నిర్వాహకులవే అనే వాక్యం కనిపిస్తే ఆ పోటీని వదిలేయడమే మేలు. చదవడానికే రుసుము అడిగే ప్రచురణకర్తలదీ అదే దారి. అవకాశం దొరకడమే గొప్ప, షరతులు అడిగితే ఉన్నదీ పోతుందని పెద్దవాళ్లు సలహా ఇస్తారు. షరతులు అడిగితే పోయే అవకాశం చివరికి మిగిల్చేదేమీ ఉండదు.

తెలుగు దినపత్రికల ఆదివారం అనుబంధాల సంపాదకులకు ఒక విజ్ఞప్తి. వచ్చే ఉగాదికి కథల పోటీ ప్రకటన వేసేటప్పుడు దాని కిందే మరో పెట్టె వేయండి: నాలుగు పేజీల బొమ్మల కథ, నలుపు తెలుపు, పేజీ కొలత ఇది, స్క్రిప్టు మాత్రమే పంపేవాళ్లకు వేరే విభాగం, ప్రతి పేజీకి పారితోషికం ఇంత, రాసినవాళ్లకూ గీసినవాళ్లకూ వాటా సమానం, మొదటి ప్రచురణ తప్ప మిగతా హక్కులన్నీ వాళ్లవే, చివరి తేదీ ఫలానా. గెలిచినవాళ్లతో పాటు గెలవకపోయినా చెయ్యి ఉందనిపించిన పదిమందికి ఎక్కడ లోపం ఉందో రెండు వాక్యాలు రాసి పంపండి, మళ్లీ ఏడు కూడా పంపమని అడగండి.